బుజ్జిగాడి పళ్లు తోమారా?

పొద్దున్నే లేచి పాలు కాచి, పిల్లల వెంటపడి పళ్లు తోమించి, టిఫిన్ బాక్సులు సర్దేసరికే మన ప్రాణం అలిసిపోతుంది. ఇక కుక్కకి కూడా పళ్లు తోమాలంటే మీకు నవ్వు రాదూ! నిరుటిదాకా నేనూ నవ్వినదాన్నే.

మాది నాచారం. మా చెల్లెలుండేది ఉప్పల్‌లో. వాళ్లింట్లో తొమ్మిదేళ్ల పొమేరియన్, పేరు బుజ్జిగాడు. నేను వెళ్తే చాలు, ఒళ్లోకెక్కి మొహం నాకబోయేవాడు. "అబ్బ, ఏం కంపే వీడి నోరు!" అని నేను మొహం తిప్పుకుంటే, "కుక్క నోరు మల్లెపూల వాసనేస్తుందా అక్కా?" అనేది చెల్లెలు. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఒకసారి వెళ్లేసరికి వాడు గిన్నె దగ్గర తచ్చాడుతున్నాడు. పెరుగన్నం వాసన చూస్తాడు, వెనక్కి తగ్గుతాడు. ఒక ముద్ద తీసుకుని ఒక పక్కనే నమిలి, సగం కింద పడేస్తాడు. కంటి కింద చిన్న వాపు కూడా ఉంది. వయసు మీద పడి తిండి సయించడం లేదనుకుంది చెల్లెలు. పశువుల డాక్టరుగారు పెదవి ఎత్తి చూపిస్తే ఇద్దరం కొయ్యబారిపోయాం. పై దవడ వెనక పళ్లన్నీ గోధుమరంగు గార! చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. పన్ను మొదట్లో చీము పట్టి, ఆ వాపే కంటి కిందకి వచ్చిందట. మత్తు ఇచ్చి అయిదు పళ్లు తీసేశారు. "ఇన్నాళ్లూ నొప్పితోనే మన చుట్టూ తిరిగాడక్కా, మనం కంపని నవ్వాం" అని చెల్లెలు కళ్లొత్తుకుంటే నాకు మాట రాలేదు.

కుక్క నొప్పిని చెప్పుకోలేదు, చాలావరకు దాచుకుంటుంది. అందుకే నోటి కంపు కుక్కకి సహజమే అనుకోకండి. అది జబ్బుకి మొదటి కబురు.

పెద్ద కుక్కకి 42 పళ్లుంటాయి, మనకంటే పది ఎక్కువ. వాటిమీద రోజూ మెత్తటి పాచి పడుతుంది. తీయకపోతే రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. పాచి బ్రష్‌తో పోతుంది. గార మాత్రం డాక్టరుగారే తీయాలి. పొమేరియన్ లాంటి చిన్న జాతులకి ఇరుకు దవడలో పళ్లు కిక్కిరిసి ఉంటాయి కనుక బెడద మరీ ఎక్కువ.

మన టూత్‌పేస్టు మాత్రం వాడొద్దు. కుక్కకి పుక్కిలించడం రాదు, అంతా మింగేస్తుంది. అందులోని ఫ్లోరైడు దానికి పడదు. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం కొంచెం లోపలికి పోయినా రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు, బొగ్గు, వంటసోడా కూడా వద్దు. కుక్కల కోసమే చేసిన పేస్టు దుకాణాల్లో దొరుకుతుంది. అది లేకపోతే ఉత్త నీళ్లలో తడిపిన మెత్తటి పిల్లల బ్రష్ చాలు.

మొదటిరోజే బ్రష్ పట్టుకుని మీద పడకండి! సాయంత్రం అలా తిప్పుకొచ్చాక, నెమ్మదిగా ఉన్నప్పుడు పక్కన కూర్చోండి. రెండు మూడు రోజులు వేలితో పెదవులు, చిగుళ్లు నిమరండి. తర్వాత వేలికి తడిబట్ట చుట్టి పళ్లు తుడవండి. అలవాటు పడ్డాక బ్రష్ అందుకోండి. నోరు బలవంతంగా తెరవక్కర్లేదు. పక్కనుంచి పెదవి ఎత్తి, బ్రష్‌ని చిగురు వైపు కాస్త వంచి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమండి. ముఖ్యంగా పై దవడ వెనక పళ్లు. లోపలి వైపు చాలామటుకు నాలుకే చూసుకుంటుంది. ఒక్కో పక్క అరనిమిషం చాలు. అయ్యాక ఒక మెచ్చుకోలు, ఒక చిన్న క్యారెట్ ముక్క. గుర్రుమంటే వెంటనే ఆపేయండి, రేపు చూసుకోవచ్చు.

చిగుళ్లు ఇప్పటికే ఎర్రగా ఉన్నా, రక్తం వస్తున్నా ముందు డాక్టరుగారికి చూపించాలి. నొప్పి మీద తోమితే బ్రష్ అంటేనే బెదిరిపోతుంది. మన ఉప్పల్ వైపు వాళ్లకి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా వెళ్తే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. నోట్లో వేళ్లు పెట్టే పని కనుక రేబిస్ టీకా తప్పకుండా వేయించి ఉంచండి. పళ్లు శుభ్రపడతాయని వండిన ఎముకలు వేయకండి. అవి చీలి గొంతులో గుచ్చుకుంటాయి, పళ్లూ విరుగుతాయి.

బుజ్జిగాడు ఇప్పుడు మెత్తగా కలిపిన అన్నం గిన్నె నాకి మరీ తింటున్నాడు. మిగిలిన పళ్లని చెల్లెలు రోజూ సాయంత్రం తోముతోంది. మొన్న వెళ్తే మళ్లీ ఒళ్లోకెక్కాడు. ఈసారి నేను మొహం తిప్పుకోలేదు.

మరి మీ ఇంట్లో వాడి పెదవి ఒక్కసారి ఎత్తి చూస్తారు కదూ?