అద్భుతలోకానికి ద్వారం ఎట్లుండాలి?

అద్భుతకథలు మనకు క్రొత్తవి కావు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' తెలుగువారిని, లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం పందొమ్మిదవ శతాబ్ది చివర వెలువరించిన 'తిలిస్మె హోష్‌రుబా' ఉర్దూ పాఠకులను మాయాలోకాలలో విహరింపజేశాయి. మన పెద్దలు వినడంతో తృప్తిపడ్డారు. నేటి యువతీయువకులు కథలో తామే పాత్రలు కాగోరుతున్నారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆ కోరికకు క్రీడారూపమిచ్చింది. అంతకుముందే 1968లో గైగాక్స్ లేక్ జెనీవా అనే చిన్న పట్టణంలో ఆరంభించిన 'జెన్ కాన్' క్రీడాసమ్మేళనం నేడు ఇండియానాపొలిస్ నగరంలో మహోత్సవంగా సాగుతోంది.

అటువంటి ఉత్సవాన్ని చిన్నయెత్తున మనమూ జరపాలని మన విద్యార్థులలో కొందరు ఉత్సాహపడుతున్నారు. శుభం. అయితే వారు తలపెట్టిన వెబ్‌సైట్ నమూనా చూసిన పిదప నాలుగు మాటలు చెప్పక తప్పదనిపించింది.

నమూనాలో చిమ్మచీకటి వంటి నేపథ్యముంది. దానిపై ముదురెరుపు అక్షరాలు, మంటలు గ్రక్కే సర్పం ఉన్నాయి. ఆట ఏ వేళకు, ఏ గదిలో, ఎందరికి చోటు, రుసుము ఎంత అన్న సంగతులు మాత్రం వెదకినా దొరకవు. గోడపత్రిక ఆకర్షిస్తే చాలు. వెబ్‌సైట్ ద్వారపాలకుని వలె దారి కూడా చూపాలి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో ప్రకటించిన సూత్రాల ప్రకారం సామాన్య పరిమాణంలోని అక్షరానికి, నేపథ్యానికి మధ్య కాంతిభేదం కనీసం 4.5కు 1గా ఉండాలి. నలుపుపై ముదురెరుపు ఆ పరీక్షకు నిలవదు.

అంతకన్న ముఖ్యమైనది భాష. ఉర్దూ, తెలుగు పంక్తులను బొమ్మలుగా అతికించే అలవాటు చాలచోట్ల ఉంది. ఒకచోట అట్టి ప్రకటనను చూపులేని నా మిత్రుడొకడు తన ఫోనుచేత చదివించుకోబోయాడు. ఫోను 'చిత్రం' అని పలికి ఊరుకుంది. ఆ ఒక్క మాటతో అతనికి ద్వారం మూసుకుపోయింది. యూనికోడ్ అక్షరాలతో కూర్చిన పంక్తిని యంత్రం చదవగలదు, వెదకగలదు. తప్పు దొర్లితే మనమూ సులువుగా దిద్దగలం. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుందని పుటకు ముందే తెలియజేయాలి. నస్తాలీఖ్ లిపి వాలుకు, తెలుగు వత్తులకు పంక్తుల నడుమ చోటు చాలినంత వదలాలి. ఆంగ్లానికి సరిపోయిన కొలత వీటికి చాలదు.

"ఆంగ్లం అందరికీ తెలుసు గదా! రెండు భాషలతో శ్రమ ఇబ్బడి ముబ్బడి కాదా?" అని కార్యవర్గ సభ్యులు ప్రశ్నించవచ్చును. శ్రమ నిజమే. కాని ఆంగ్లం బాగా తెలిసినవాడు పిలవకున్నా వస్తాడు. గడప దగ్గర తటపటాయించేవారికే ఆహ్వానం అవసరం. కుమార్తెను పంపాలా వద్దా అని ఆలోచించే తల్లి ఉర్దూయో తెలుగో చదువుతుంది. ఆట ఎన్నింటికి ముగుస్తుంది? అక్కడ బాధ్యులెవరు? ఈ రెండు ప్రశ్నలకు ఆమె భాషలో సమాధానం దొరికితే ఆ బాలిక వస్తుంది. లేకుంటే ఇంటనే ఉండిపోతుంది. ఆమె పేరు, ఫోను నెంబరు అందరికీ కనబడేటట్లు ప్రకటించరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒకే బల్లచుట్టూ ఒకడు అమీర్ హంజాగా, మరొకడు సాహసియైన తోటరాముడుగా కూర్చుండి, ఒకే తిలిస్మును కలిసి ఛేదించే అవకాశం మన కళాశాల వంటి చోటనే సాధ్యం. అట్టి ఆటకు ద్వారం ఒక్క భాషకే తెరుచుకొంటే ఆట ఆరంభం కాకముందే సగం మందిని ఓడించినట్లే. కనుక సర్పాన్ని చిత్రించే ముందు సమయపట్టికను రెండు లిపులలోనూ వ్రాయవలసినదిగా విద్యార్థి సోదర సోదరీమణులను, అందుకు తగిన వ్యవధి ఇవ్వవలసినదిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.