ఆ కాగితం ఇచ్చేయండి

పోస్టు కొంచెం పొడుగే. ఓపిక లేనివాళ్ళు ఈ ఒక్క ముక్క చదివి వదిలేయొచ్చు: మన కబడ్డీ టీము పిల్లోడు బెంగళూరు టీముకి పోతానని ఎన్‌ఓసీ అడిగినాడు కదా, వచ్చే ఆదివారం మీటింగులో ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేయాల. ఒక్క రూపాయి అడగకుండా ఇవ్వాల.

మేము అంటే ఎవరని అడిగేవాళ్ళుంటారు. సాయంత్రం గూళూరు బస్టాండు దగ్గర టీ తాగే పెన్షన్‌దారులం అయిదుగురం. రాసేది ఒక చెయ్యి, మాట అయిదుగురిదీ. పిల్లోడి పేరు రాయము. ఎవరో మీకందరికీ తెలుసు.

మూడు వారాలుగా గ్రూపులో ఒకటే గొడవ. ఒక గుంపు "ఉగాది టోర్నమెంటు అయ్యేదాకా పంపేది లేదు, వాడు పోతే టీము ఖాళీ" అంటుంది. ఇంకో గుంపు ఇంకా తెలివైనది. "పంపుదాం, కానీ ఊరికే కాదు. ఆ టీము దగ్గర లక్ష రూపాయలు తీసుకుందాం, మన పిల్లోడు మన ఆస్తి" అంటుంది. ఎవరో ఫుట్‌బాల్‌ను కూడా తెచ్చినారు. అక్కడ స్ట్రైకర్‌ను కోట్లకి అమ్ముకుంటారంట, మనం అమ్మితే తప్పేందంట.

ముందు ఈ ఆస్తి మాట తేలుద్దాం. ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాడికి నెలనెలా జీతమిస్తుంది, ఇన్నేండ్లని అగ్రిమెంటు రాస్తుంది. ఆ అగ్రిమెంటు మధ్యలో ఇంకో క్లబ్బు తీసుకుపోతే దానికి పరిహారంగా డబ్బు పుచ్చుకుంటుంది. అమ్మేది మనిషిని కాదు, మిగిలిన అగ్రిమెంటును. మనం ఆ పిల్లోడికి ఏ అగ్రిమెంటు రాసినాం? నాలుగేండ్లలో రెండు జెర్సీలు, ఒక జత బూట్లు, టోర్నమెంటు రోజున బిర్యానీ. పోయినేడు మోకాలు వాచిపోయినా ఒకే దినం నాలుగు మ్యాచీలు ఆడించినాం. ఆస్పత్రి ఖర్చు పెట్టుకునింది వాళ్ళమ్మ, పట్టుపురుగుల షెడ్డులో కూలి చేసి. సంఘం లెక్కల పుస్తకం తిరగేసి చూడండి, ఆ ఖర్చు ఎక్కడా కనబడదు. ఖర్చులో లేనిది జమలో ఎట్లా వస్తుంది?

పోనీ, కబడ్డీలోనే పెద్ద టీములు ఏం చేస్తాయో చూద్దాం. ప్రో కబడ్డీ వేలంలో ఒక ఆటగాడు కోటికి పోయినాడంటే ఆ కోటి వదిలేసిన టీముకు రాదు, ఆటగాడి సంపాదన అది. కాబట్టి "అమ్ముకున్నారు" అనే మాటే అక్కడ చెల్లదు. పాత టీముకు మిగిలేది ఏమంటే వేరేవాళ్ళను కొనుక్కోవడానికి పర్సులో జాగా.

ఈ విషయంలో పవన్ సెహ్రావత్ కంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు. పైగా ఆయన ఆడిన టీముల్లో మూడు మాకు సొంతమే. మేం చదువుకునింది జోలార్‌పేటలో, తమిళ మీడియం, కాబట్టి తమిళ్ తలైవాస్ బడి భాష టీము. ఉండే రాష్ట్రం బెంగళూరు బుల్స్. ఇంట్లో మాట్లాడేది తెలుగు టైటాన్స్. బడిలో సడుగుడు అన్నా ఇంట్లో చెడుగుడు అన్నా కూత ఒకటే.

పవన్ మొదట బుల్స్‌లోనే ఉన్నాడు. 2017లో గుజరాత్ టీముకు పోయినాడు. అక్కడ ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు. గుజరాత్ వదిలేసింది, మళ్ళీ బుల్స్‌కి వచ్చినాడు. 2019 జనవరి 5న ముంబైలో ఫైనలు, ఎదురుగా అదే గుజరాత్. ఒక్కడే 22 పాయింట్లు తెచ్చినాడు, బుల్స్ 38-33తో గెలిచింది. అదే ఏడాది అక్టోబరులో హర్యానా మీద ఒకే మ్యాచిలో 39 పాయింట్లు. కదలనిచ్చినందుకే ఆ ఆట బయటపడింది. బెంచీ మీద కూర్చున్నవాడిని అట్లనే పట్టి పెట్టుకుని ఉంటే ఈ రోజు ఆ పేరు మనకు తెలిసేదా?

2022 వేలంలో బుల్స్ చెయ్యి దాటిపోయినాడు, తలైవాస్ 2 కోట్ల 26 లక్షలు పెట్టింది. బెంగళూరులో అభిమానులు ఎంత ఏడ్చినారో, ఎంత తిట్టినారో మనకు గుర్తుంది. ఆ సీజన్ మొదటి మ్యాచిలోనే మోకాలికి దెబ్బ తగిలి పవన్ ఆ ఏడంతా ఆడలేదు. తలైవాస్ మునిగిపోయిందా? అంతకుముందు ఎన్నడూ చేరని సెమీఫైనలుకు చేరింది, నరేందర్ అనే కుర్రాడు కూతకు పోయి. ఇటు బుల్స్ మునిగిందా? అదీ సెమీస్‌కి చేరింది, భరత్ అనే కుర్రాడితో. పెద్ద చెట్టు పక్కకు జరిగితే కింద ఉన్న మొక్కలకి ఎండ తగిలింది. ఇంతకంటే మేం చెప్పేది ఏముంది?

ఇప్పుడు మన టైటాన్స్ కథ. ఇది రాయాలంటే మాకే బాధ. 2023లో పవన్ కోసం 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టినారు. ఒక టీముకు మొత్తం పర్సు 5 కోట్లు, సగానికి పైగా ఒకే మనిషికి. మిగతా సగంలో టీమంతా. పవన్ లేని ముందు సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచీల్లో 2 గెలిచింది. పవన్ ఉన్న ఆ సీజన్‌లో? 22 మ్యాచీల్లో 2. అట్టడుగున నిలిచింది. ఆయన ఆడలేదని కాదు, 200 పైనే పాయింట్లు తెచ్చినాడు. కూతకు పోయినవాడు పట్టుబడి బయట కూర్చుంటే లోపల ఎవరున్నారనేదే ప్రశ్న. చెడుగుడు ఏడుగురి ఆట, ఆరుగురు చూసేదీ ఒకడు ఆడేదీ కాదు.

2025 వేలంలో టైటాన్స్ ఆయన్ను వదిలేసింది. 59 లక్షల 50 వేలకి మళ్ళీ తలైవాస్. (ఆ సీజన్ మధ్యలోనే టీముకూ ఆయనకూ తెగిపోయింది, తప్పు ఎవరిదో తేల్చే పని మనది కాదు.) టైటాన్స్ మాత్రం విజయ్ మలిక్, ఆ బుల్స్ భరత్, ఇట్లా నలుగురి మీద భారం పంచి, ఫైనలుకు ఒక్క అడుగు దూరం దాకా వచ్చింది.

"మరి బుల్స్ 2024లో చివరన నిలిచింది కదా, పవన్‌ను పోగొట్టుకున్నందుకే" అని మన కోశాధికారి తమ్ముడు రాసినాడు. నిజమే, చివరన నిలిచింది. కానీ ఆ ఏడు ఆ టీములో పర్దీప్ నర్వాల్ ఉన్నాడు తమ్ముడూ. లీగు చరిత్రలో అందరికంటే ఎక్కువ రైడ్ పాయింట్లు తెచ్చిన మనిషి. పెద్ద పేరు ఉండి కూడా చివరే. నువ్వు తెచ్చిన లెక్క మా పక్కకే వచ్చింది.

ఫుట్‌బాల్ చూసే పిల్లలకి ఒకటి గుర్తు చేస్తాం. లివర్‌పూల్ 2018 జనవరిలో కుటిన్యోను బార్సిలోనాకు ఇచ్చింది. అభిమానులు గగ్గోలు పెట్టినారు. ఏడాదిన్నర తిరక్కుండా, 2019 మేలో అదే బార్సిలోనాను 4-0తో కొట్టి, తర్వాత యూరప్ కప్పు ఎత్తుకుంది. ఎట్లా? వెనక గోడ కట్టుకునింది, మంచి డిఫెండరు, మంచి గోలీ. మన టీములో ఎడమ మూల పట్టుకునేవాడు ఎవరో చెప్పండి చూద్దాం. నాలుగేండ్లుగా ఆ జాగాకి మనిషిని తయారు చేయలేదు. పిల్లోడు ఉన్నాడులే, ముప్పై పాయింట్లు తెస్తాడులే అని కూర్చున్నాం. వాడు కాలు బెణికి రాని దినం మనం ఎట్లా ఓడినామో మళ్ళీ చెప్పించుకోవద్దు.

ఇక అసలు విషయం. మేం రైల్వేలో 34 ఏండ్లు గుమాస్తా పని చేసినాం. సర్వీసు రిజిస్టర్లు, దరఖాస్తులు, ఇవే మా బతుకు. స్పోర్ట్స్ కోటా గురించి గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు కాబట్టి మేం చెప్తాం. దానికి వయసు 18 నుంచి 25. ఏ కులానికీ ఏ వర్గానికీ సడలింపు లేదు. 25 దాటితే ఆ కొత్త దరఖాస్తు పక్కకే. రెండో సంగతి, మన తాలూకా టోర్నమెంటు కప్పులు ఆ దరఖాస్తులో ఎందుకూ పనికిరావు. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడి ఉండాల. రాష్ట్రం టీములోకి తీసుకునేవాళ్ళు బాగేపల్లి మట్టి కోర్టుకి వచ్చి చూడరు, బెంగళూరులో మ్యాట్ మీద ఆడేవాడిని చూస్తారు. పవన్ కూడా జాతీయ పోటీల్లో రైల్వేస్ తరఫున ఆడినవాడే.

మన పిల్లోడికి ఇప్పుడు 22 నిండినాయి. ఈ ఏడు కొత్త టీములో చేరితే, వచ్చే ఏడు రాష్ట్రం ఎంపికలు, ఆపై ఏడు దరఖాస్తు. వేళ్ళ మీద లెక్క పెట్టండి. మీరు అడిగే "ఒక్క ఉగాది" ఆ లెక్కలో ఎక్కడ పడుతుందో మీకే తెలుస్తుంది. వయసు దాటిన దరఖాస్తులను విడిగా కట్ట కట్టి పక్కన పెట్టింది ఈ చేతులే. ఆ కట్టల్లో ఉన్నవాళ్ళంతా ఆట రానివాళ్ళు కాదు. కొందరిని ఎవరో ఒకరు "ఈ ఒక్క సీజన్" అని ఆపినవాళ్ళు. ట్రయల్స్‌కి వచ్చి, వాపసు పోతూ కౌంటరు దగ్గర నిలబడి మాకు చెప్పినవే ఇవి.

"వాడు పోతే ద్రోహి" అని రాసిన అన్నకి ఒక్క మాట. అన్నా, నీ కొడుకు బెంగళూరులో కంపెనీ మారినప్పుడు గ్రూపులో స్వీటు బాక్సు ఫోటో పెట్టినావు. మేమూ దండం బొమ్మ పెట్టినాం. కూలి చేసే ఆమె కొడుకు టీము మారితే అది ద్రోహం ఎట్లయింది?

లక్ష రూపాయల పక్షానికి ఇంకో మాట. లక్ష అడిగితే ఆ టీము ఏం చేస్తుంది? చింతామణిలోనో గౌరిబిదనూరులోనో కాగితం ఊరికే ఇచ్చే ఇంకో కుర్రాడిని చూసుకుంటుంది. మనకు లక్షా రాదు, వాడికి చాన్సూ ఉండదు, వాళ్ళమ్మ మన ముఖం చూడదు. రేపు వాళ్ళంతట వాళ్ళు మన పిల్లలకి పాత మ్యాట్ ఇస్తామంటే తీసుకుందాం, రసీదు రాసిద్దాం. కాగితానికీ దానికీ ముడి పెట్టొద్దు.

ఉగాది టోర్నమెంటుకు మనం ఓడొచ్చు. ఓడుదాం. జూనియర్లలో ఇద్దరు మంచి ఊపిరి ఉన్నవాళ్ళు ఉన్నారు, ఇంతవరకు వాళ్ళని కూతకు పంపిందే లేదు. ఎడమ మూలకి మనిషిని వెతకాల. దానికి క్రీడా నిధి నుంచి కోచింగు ఖర్చు ఎంతవుతుందో మేం ఒక కాగితం మీద వేసినాం, మీటింగులో పెడతాం.

అధ్యక్షులవారూ, ఆదివారం పదిన్నరకు మేం అయిదుగురం ముందు వరుసలోనే ఉంటాం. కార్యదర్శి గారు లెటర్‌ప్యాడూ, సంఘం సీలూ మరిచిపోకుండా తేవాల. పోయిన మీటింగుకు సీలు ఇంట్లో పెట్టి వచ్చినారు.