మోరి పాటని ఆఖరి ఐటం చెయ్యకండి

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్‌లో మాతోపాటు ఇంటర్ దాకా ఉండి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో క్లారినెట్ మీద డిగ్రీ చేస్తున్న మనోడి గురించి వారం నుంచి గ్రూపులో మాటలు నడుస్తున్నాయి. వాడికి ఫైనల్ ఇయర్ రిసైటల్ దగ్గరపడింది. రిసైటల్ అంటే వేదిక మీద నిలబడి ముప్పావు గంట వాయించి చూపించే పరీక్ష. ఏం వాయించాలో తనే ఎంచుకుని లిస్టు ఇవ్వాలి. మార్కులు, ఆ తర్వాత పీజీ సీటు, అన్నీ దాని మీదే. ఆ లిస్టులో అరకు వైపు థింసాకి ఊదే మోరి పాట ఒకటి పెడతానన్నాడు. అంతే, మనోళ్లు మూడు ముక్కలయ్యారు.

ఒకరు: "మార్కులు పోతాయిరా, మన పాటలు ఊళ్లో వాయించుకో." ఇంకొకరు: "వాళ్ల పాటలు మనకెందుకు, మొత్తం మనవే వాయించు." మూడో వాళ్లు: "చివర్లో రెండు నిమిషాలు, తలకి ఈకలు కట్టుకుని వాయించు, చప్పట్లు పడతాయి." మేం ఈ ముగ్గురితోనూ ఒప్పుకోం.

మొదటి వాళ్ల భయం మాకు తెలుసు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాళ్లం. ఒక్క పేపర్ పోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మన పాటకి ఆ స్థాయి లేదన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? క్లారినెట్ రిసైటల్స్‌లో ప్రపంచమంతా వాయించే లిస్టునే చూడండి. లుటోస్లావ్‌స్కీ 1954లో రాసిన 'డాన్స్ ప్రెలూడ్స్' పోలండ్ పల్లె పాటల మీద కట్టినవి. బార్టోక్ ఫోనోగ్రాఫ్ పట్టుకుని హంగరీ, రుమేనియా ఊళ్లు తిరిగి రైతుల పాటలు రికార్డు చేసుకున్నవాడు. 1938లో ఆయన క్లారినెట్, వయొలిన్, పియానోల కోసం రాసిన 'కాంట్రాస్ట్స్' మొదలయ్యేదే పాతకాలం సిపాయిల భర్తీ నాట్యంతో. పోలండ్ రైతు పాట పరీక్షకి పనికొస్తే అరకు కొండల పాట ఎందుకు పనికిరాదు? 2021లో గుస్సాడీ కనకరాజు గారికి, 2022లో కోయ కంచుమేళం సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టాం కదా. ఆ కళ పరీక్షలో నిలబడుతుందా అంటే మాత్రం నీళ్లు నమలడం ఏంటి?

"మోరి వేరు, క్లారినెట్ వేరు, అది కల్తీ అవుతుంది" అని ఒక అన్న రాశాడు. నిజమే, మోరి సన్నాయి జాతిది, రెండు పుల్లల మధ్య గాలి పలుకుతుంది. క్లారినెట్‌కి ఒక్కటే రీడ్. ధ్వని మారుతుంది. అయితే మోజార్ట్ 1791లో రాసిన క్లారినెట్ కచేరీ సంగతి చూడండి. ఆయన దాన్ని స్టాడ్లర్ అనే వాద్యగాడి కోసం, ఇంకా కింది స్వరాలు పలికే బాసెట్ క్లారినెట్‌కి రాశాడు. చేతిరాత ప్రతి పోయింది. మామూలు క్లారినెట్‌కి మార్చి అచ్చేసిన రూపమే ఎక్కువమంది ఇన్నాళ్లూ వాయించింది. దాన్ని కల్తీ అని ఎవరన్నా అన్నారా?

ఇక "మొత్తం మనవే" అనే వాళ్లకి. వాడు మూడేళ్లు పెదాలు వాచేలా నేర్చుకున్న విద్య కూడా వాడిదే. బ్రామ్స్ పాట మన వాడి ఊపిరితో పలికితే అందులో వాడి భాగం ఉండదా? ఆ పాటల్లో చాలావరకు ఎవరో ఒక మనిషి వాయిద్యం విని రాసినవే. వేబర్ 1811లో బేర్మన్ కోసం రాశాడు. ఇక రాయను అనుకున్న బ్రామ్స్, ముల్‌ఫెల్డ్ వాయించింది విని మళ్లీ కలం పట్టాడు. 1894లో రెండు సొనాటాలు అలా వచ్చాయి. వాటిని మన వాడికి దూరం చెయ్యడం బయటివాళ్లు మనకి గీసిన గీతని మనమే మళ్లీ గీసుకోవడం.

ఈకల సలహా గురించి ఒక్క మాట. థింసాకి ఈకలు ఎవరు కట్టారు? స్వాతంత్ర్య దినం స్టేజీ మీద, మంత్రి వచ్చిన రోజున మనల్ని ఎలా నిలబెడతారో అందరం చూశాం. పరీక్ష హాల్లో కూడా మనమే అలా నిలబడాలా?

మేం కూర్చుని వాడితో ఫోన్లో లెక్కేశాం. వాడి దగ్గర ఉన్నది బి-ఫ్లాట్ క్లారినెట్ ఒక్కటే. మోజార్ట్‌కి ఎ క్లారినెట్ కావాలి, అది కొనే స్తోమత లేదు. అందుకని ముందు వేబర్ కాన్సర్టీనో, సుమారు తొమ్మిది నిమిషాలు. తర్వాత లుటోస్లావ్‌స్కీ, పది. ఆ వెంటనే మోరి పాట, పూర్తిగా ఎనిమిది నిమిషాలు, పియానో లేకుండా. ఎందుకంటే మోరి స్వరాలు పియానో మెట్లకి కుదరవు, కుదర్చకూడదు కూడా. పియానో వాయించే ఆయనకి ఆ పాట రిహార్సల్ డబ్బులూ మిగులుతాయి. ఆఖర్న బ్రామ్స్ రెండో సొనాటా, ఇరవై. పోలండ్ పల్లె పక్కనే మన పల్లె వినిపిస్తే పరీక్షకులకి మనం విడిగా చెప్పాల్సింది ఏమీ ఉండదు.

రెండు షరతులు మాత్రం ఉన్నాయి, ఇవి మనకి మనం పెట్టుకునేవి. బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. దాని పాట వేదిక ఎక్కాలా వద్దా అన్నది ఊరి పెద్దలు చెప్పాలి, కాలేజీ కుర్రాడు కాదు. రెండోది, ప్రోగ్రాం కాగితంలో "గిరిజన జానపద బాణీ" అని రాసి వదిలేస్తే ఊరుకోం. ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, వాళ్ల పేరు, వాళ్ల అనుమతితో, బ్రామ్స్ పేరు ఎంత అక్షరంలో ఉంటే అంత అక్షరంలో ఉండాలి.

అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి వైపు ఉన్నవాళ్లు, మీ ఊళ్లో మోరి ఊదే పెద్దాయన ఉంటే కామెంట్‌లో చెప్పండి. దసరా సెలవుల్లో మనోడు వస్తాడు, మేమూ వెంట వస్తాం. నేర్పినన్ని రోజులు ఆయనకి కూలి పోకుండా డబ్బు ఇవ్వాలి. దానికి హాస్టల్‌లో చందా ఇప్పటికే మొదలెట్టాం. సలహాలు చాలా వచ్చాయి, ఇప్పుడు కావాల్సింది ఊరి పేరు, ఫోన్ చెయ్యడానికి ఒక మనిషి.

జై ఆదివాసీ. జై జోహార్.