బరువు చూసి కొనే ట్రాన్స్‌ఫార్మర్

ఒకే పవర్ వాల్వుతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్‌కి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బరువుంటే అంత మంచిదనీ, విదేశీ హై-ఫై సరుకైతే ఇక తిరుగే లేదనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. పాత రేడియోలోంచి తీసినదాన్ని తుక్కు కింద జమకడతారు. ఇది తప్పుడు నమ్మకం. బస్తర్‌లో జగదల్‌పూర్‌లోనో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరి కొంటాలోనో సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకోవాలనుకునే కుర్రవాడి చేత అది వేలకు వేలు ఖర్చు పెట్టిస్తుంది. లేదా ఆ ప్రయత్నమే మాన్పిస్తుంది.

గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. వాల్వు లోడు 5,000 ఓములనుకుంటే, 80 హెర్ట్జ్ దాకా పలకడానికి ప్రైమరీ ఇండక్టెన్స్ సుమారు 10 హెన్రీలు చాలు. 20 హెర్ట్జ్ దాకా దిగాలంటే 40 కావాలి. హై-ఫై ట్రాన్స్‌ఫార్మర్‌లోని అదనపు ఇనుమూ రాగీ ప్రధానంగా ఈ తేడా కోసమే. 8 అంగుళాల స్పీకరు ఆ లోతును ఎలాగూ పలికించలేదు.

నిజంగా చూడవలసింది డీసీని. ఒకే పవర్ వాల్వున్న సింగిల్ ఎండెడ్ సర్క్యూట్‌లో వాల్వు కరెంటంతా ప్రైమరీ చుట్టలోంచి ఎప్పుడూ ఒకే దిశలో పారుతూ ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి ఇనుములో సన్నని గ్యాప్ వదులుతారు. E ఆకారపు స్టాంపింగులన్నీ ఒక వైపు, I ముక్కలన్నీ మరో వైపు పేర్చి, మధ్యలో కాగితం పెడతారు. పుష్-పుల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వాల్వుల డీసీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది కాబట్టి స్టాంపింగులను అటొకటి ఇటొకటి అల్లేస్తారు, గ్యాప్ ఉండదు. అలాంటిది ఎంత బరువున్నా ఇక్కడ తగిలిస్తే ఇనుము సంతృప్తమై లోతు స్వరాలు చితికిపోతాయి.

ఇంటి కరెంటుతో నడిచిన పాత వాల్వు రేడియోల ట్రాన్స్‌ఫార్మర్లలో ఈ గ్యాప్ ముందే ఉంది. ఆ రేడియోల్లో వాడిన ఈఎల్84 వాల్వుకు తయారీదారు చెప్పిన లెక్క 250 వోల్టులు, 48 మిల్లీఆంపియర్లు, 5,200 ఓములు. ఒకే పవర్ వాల్వున్న గిటార్ ఆంప్లిఫయర్ ఫెండర్ చాంప్‌లోని 6వీ6కు 250 వోల్టులు, 45 మిల్లీఆంపియర్లు, 5,000 ఓములు. రెండింటికీ పెద్ద తేడా ఏముంది?

వాల్వుకి ఎంత లోడు కనపడుతుందో తేల్చే ప్రైమరీ-సెకండరీ నిష్పత్తి కొలవడం తేలిక. విడిగా తీసిన ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి 6.3 వోల్టుల ఏసీ ఇస్తే సెకండరీలో 0.18 వోల్టులు వచ్చాయనుకుందాం. నిష్పత్తి 35. దాన్ని 35తోనే హెచ్చించి, 4 ఓముల స్పీకరుతో గుణిస్తే సుమారు 5,000 ఓములు. అదే సెకండరీకి 8 ఓముల స్పీకరు తగిలిస్తే వాల్వుకి కనపడే లోడు రెట్టింపై 10,000 అవుతుంది, శబ్దం పలచబడుతుంది. ఖరీదైన ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా ఈ లెక్క తప్పదు.

రేడియో ట్రాన్స్‌ఫార్మర్లన్నీ పనికొస్తాయని కాదు. కరెంటు లేని పల్లెల కోసం 90 వోల్టుల బ్యాటరీతో నడిచిన రేడియోల్లో అవుట్‌పుట్ వాల్వు తీసుకునేది దాదాపు 10 మిల్లీఆంపియర్లే. ఆ రేడియో ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట 40 మిల్లీఆంపియర్లకు పైబడిన కరెంటు మోయలేదు. చాంప్‌లో ప్లేటు వోల్టేజీ 250 కన్నా చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి తేమ పట్టిన చుట్టను వాడే ముందు ప్రైమరీకీ ఇనుముకీ మధ్య ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో చూడాలి. ఆ పరీక్షలో నెగ్గకపోతే మంచి వైండింగ్ షాపులో అదే ఇనుము మీద, అదే గ్యాప్‌తో కొత్త తీగ చుట్టించుకోవచ్చు.