బీడీ కార్డు, కోత, పింఛను

తెలంగాణమున నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ వీధిలోనికి పోయినను గడప ముందు చేటను ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టుచున్న స్త్రీలు కనిపింతురు. మన విద్యార్థినులలో పలువురి పరీక్ష ఫీజు ఆ చేటలోనుండియే వచ్చినది. ఆ తల్లుల సంభాషణలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. అది ‘కోత’. మజూరీ లెక్క చూచునపుడు టేకేదారు చేతికిచ్చు డబ్బులో పీ.ఎఫ్. పేరిట కొంత తగ్గును. “ఆ కోత లేకున్న ఎంత బాగుండును!” అని వారనుటయు మేము వినియున్నాము. మా అభిప్రాయమును ముందుగానే చెప్పుదుము. ఈ కోతను తప్పించుకొనుట లాభము కాదు. కోసిన సొమ్ము చేరవలసిన చోటికి చేరినదా యని అడుగకుండుటయే అసలు నష్టము.

ఈ కోత ఊరక వచ్చినది కాదు. 1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి చట్టము బీడీ పరిశ్రమకు 1977లో వర్తించినది. ఇంటివద్ద చుట్టువారు మా పనివారు కారని యజమానులు వాదించిరి. ఇంటి వసారా కార్ఖానా కాదుగదా యని వారి తర్కము. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. ఆకును, తంబాకును ఇచ్చి, చుట్టి తెచ్చిన బీడీలలో బాగులేనివానిని తీసివేయు హక్కు ఎవరికి కలదో, పనిపై అదుపు వారిదేయని తీర్మానించినది. ఏ ‘ఛాటు’ను చూచి మన తల్లులు కన్నీరు పెట్టుకొందురో, ఆ ఛాటే వారిని కార్మికులని నిరూపించుట విచిత్రము!

ఇక లెక్క. పెక్కు పరిశ్రమలలో కోత నూటికి 12 వంతులు. ఆ చట్టము క్రింద బీడీ పరిశ్రమకు 10. నెలకు 3,500 రూపాయలు సంపాదించు ఒక స్త్రీని ఊహించుకొందము. ఆమె నుండి 350 రూపాయలు కోయుదురు. యజమాని తన వంతుగా మరి 350 కలుపవలెను. ఆమె 350 మొత్తము భవిష్యనిధిలోనే యుండును. అందుండి ఒక్క పైసయు పింఛనుకు పోదు. పింఛనుకు పోవునది యజమాని వంతులోనుండి నూటికి 8.33, అనగా సుమారు 292 రూపాయలు. మిగిలిన 58 రూపాయలు నిధిలో చేరును. కేంద్ర ప్రభుత్వము నూటికి 1.16 వంతు పింఛనుకు కలుపును. కాబట్టి “నా 350 నాకే ఇచ్చివేయుము, లెక్కలో పేరు వద్దు” అనిన స్త్రీ తన 350 మాత్రమే తెచ్చుకొన్నది. యజమాని 350ని అతనికే వదలివేసినది, పింఛనును పోగొట్టుకొన్నది. ఈ సంగతి టేకేదారుకు తెలియును. ఆమెకు చెప్పువారు లేరు.

1995 నవంబరు 16 నుండి అమలైన పింఛను పథకములో సూత్రము సులభము. సగటు జీతమును సర్వీసు సంవత్సరములతో గుణించి 70తో భాగింపవలెను. 20 సంవత్సరములు నిండినవారికి మరి 2 కలుపుదురు. మన ఉదాహరణలోని స్త్రీకి 20 ఏండ్ల సర్వీసున్నచో 3,500ను 22తో గుణించి 70తో భాగించిన నెలకు 1,100 రూపాయలు వచ్చును. చాల తక్కువ, కాదనము. 2014లో నిర్ణయించిన కనీస పింఛను 1,000 రూపాయలు పది సంవత్సరములు గడచినను పెరుగకుండుట న్యాయము కాదని మేము ఘంటాపథముగా చెప్పగలము. 2014లోనే సగటును చివరి 12 నెలలకు బదులు 60 నెలలపై లెక్కించునట్లు మార్చిరి. నెలలో సగము దినములైనను పని దొరకని కాలములో, చివరి ఐదేండ్ల సగటు ఎంత పడిపోవునో చెప్పనక్కరలేదు. అయినను సర్వీసులో నుండగా సభ్యురాలు మరణించినచో, ఒక్క నెల చందా జమయైయున్నను, భర్తకును పిల్లలకును పింఛను వచ్చును. ఇంటిలో దాచుకొన్న 350 రూపాయలు ఆ పని చేయలేవు.

నెల పింఛనుకు కనీసము 10 సంవత్సరముల సర్వీసు కావలెను. ఇచటనే మన ఇండ్లలోని గొప్ప అన్యాయము దాగియున్నది. కార్డు తల్లి పేరనుండును; చుట్టువారు తల్లియు, ఇద్దరు కుమార్తెలును. కార్డులేని పొరుగామె చుట్టినవి కూడ ఆ కార్డుపైననే పడును. పదునైదేండ్లు వ్రేళ్ళు అరుగదీసికొన్న ఆ కుమార్తె చట్టము దృష్టిలో ఒక్క దినమును పని చేయలేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతిని ప్రారంభించి, 2019లో దానిని 2,016 చేసినది. ఇది రాష్ట్రము ఇచ్చునది; పై పింఛనుతో కలిపి చూడరాదు. కాని దానికిని తొలుత 2014 ఫిబ్రవరి 28 నాటికి పీ.ఎఫ్. సభ్యత్వమున్నవారే అర్హులైరి. కోత వద్దన్నవారును, అక్క కార్డుపై చుట్టినవారును ఆనాడు కార్యాలయముల గుమ్మములవద్ద నిలిచి తిరిగి వచ్చిరి.

“నేడు బిడ్డ ఫీజు కట్టవలసియుండగా ముసలితనము సంగతి ఎవరికి కావలెను?” అని ఒక తల్లి మమ్ములనడిగినది. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనలేదు. ఆకలితో నున్నవారికి దూరదృష్టిని బోధించుట సులభము, చదువుకొన్నవారికి అలవాటైన పని. అయినను ఆమెకు మేము చెప్పినది ఇంతే: కోత మానిపించుకొనక, వేయి బీడీలకిచ్చు మజూరీ రేటు పెంచుమని అడుగవలెను. రేటు పెరిగిన చేతి సొమ్మును, పింఛనును రెండును పెరుగును.

కోయబడినంత మాత్రమున జమ అయినట్లు కాదు. కార్మికుల నుండి కోసి జమచేయని యజమానిపై నమ్మకద్రోహ నేరము మోపవచ్చునని 1973లో శిక్షాస్మృతికి ఒక వివరణ చేర్చిరి. 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోను అది నిలిచియున్నది. కాని పాసుబుక్కు చూచినప్పుడుగదా లోటు తెలియును! మన సోదరీమణుల విషయమున మరియొక చిక్కు కలదు. కార్డులో ‘బీ’, ఆధారులో ‘బేగం’. ఉర్దూలో ఒక తీరున పలికిన పేరును గుమాస్తా తెలుగులో మరొక తీరున వ్రాసి, ఆంగ్లములో మూడవ తీరున ఎక్కించెను. ముగ్గురు స్త్రీలు కానిది ఒక్క పింఛనును రాదు. రెండు భాషలు చదువనేర్చిన మన విద్యార్థులకంటె ఈ తప్పులను కనిపెట్టుటకు తగినవారెవరు?

గత సంవత్సరము మా తరగతిలోని ఒక విద్యార్థిని తన తల్లి పాసుబుక్కును ఫోనులో తెరచి మాకు చూపినది. తల్లి సంచిలోని చీటీలపై ప్రతి నెల కోత కలదు. పాసుబుక్కులో ఎనిమిది నెలలు ఖాళీ. టేకేదారును అడుగగా కంపెనీని అడుగుమనెను. కంపెనీ గుమాస్తా టేకేదారును అడుగుమనెను. ఆ బాలిక చీటీలను నెలల వరుసలో పేర్చి, నకళ్ళు తీయించి, భవిష్యనిధి కార్యాలయమున ఫిర్యాదు వ్రాసి ఇచ్చినది. ఇప్పటికి ఐదు నెలలు ఎక్కినవి. మిగిలిన మూటికై ఆమె ప్రతి నెల మొదటి వారములో పాసుబుక్కు తెరచి చూచుచున్నది.