ఆ చివరి పేజీ చించేయండి

"రాయడం పుట్టుకతో రావాలండీ, కాలేజీలో నేర్పితే వచ్చేది కాదు." మన మార్కాపురం, గిద్దలూరు వైపు చదువుల గురించి ఎక్కడ మాట వచ్చినా ఇది వినపడుతుంది. దాని వెంటే ఇంకోటి: "మెట్ట పిల్లలు, ఇళ్లలో చదువుకున్నవాళ్లు లేరు, పాసైతే అదే పదివేలు." పైకి జాలిలా ఉన్నా ఇవి పని తప్పించుకునే మాటలు. తీర్పు చెప్పేవాళ్లను ఒకటే అడగాలి: ఆ పిల్లల చేత ఒక్క పేరానైనా రెండోసారి రాయించారా?

అవకాశం లేదనడానికి వీల్లేదు. 2020-21లో వచ్చిన డిగ్రీ పాఠ్యక్రమం, మొదటి ఏడాది కాగానే విద్యార్థి చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తెచ్చింది. ఊరికి పోవాలి, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, లాగ్‌బుక్ నింపాలి, నివేదిక రాయాలి. రాత నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? చాలాచోట్ల జరుగుతున్నది మాత్రం వేరు. నిరుటి నివేదిక డీటీపీ సెంటర్లో సిద్ధంగా ఉంటుంది. ఊరి పేరూ విద్యార్థి పేరూ మార్చి స్పైరల్ బైండింగ్ వేస్తారు. ఆఖరి పేజీలో అందరిదీ ఒకటే ధోరణి: ఈ ప్రాజెక్టు వల్ల నాలో ఎంతో మార్పు వచ్చింది, నా భాషా నైపుణ్యం పెరిగింది. తరగతిలో అరవై మందీ ఒకే వాక్యంలో ఎదిగారంటే ఒక్కరూ ఎదగలేదన్నమాట.

నిజంగా ఎదగడం ఎలా ఉంటుందో చూద్దాం. "గ్రామంలో తాగునీటి సమస్య తీవ్రంగా ఉంది" అని ఒక విద్యార్థి రాశాడనుకోండి. తప్పు లేదు. కానీ అది రాయడానికి ఊరికి పోనక్కర్లేదు. లెక్చరర్ ఆ వాక్యం పక్కన ప్రశ్నలు వేయాలి: ఏ వీధికి? ట్యాంకరు ఎన్నాళ్లకోసారి వస్తుంది? బోరు ఉంది కదా, ఆ నీళ్లు ఎందుకు తాగరు? విద్యార్థి మళ్లీ పోతాడు. బోరులో నీళ్లున్నా ఫ్లోరైడ్ భయంతో తాగడం లేదని అక్కడి ఆడవాళ్లు చెబుతారు. నీళ్లు లేకపోవడం వేరు, తాగే నీళ్లు లేకపోవడం వేరని రెండో రాతలో అతనికే తెలిసొస్తుంది.

మూడో రాతకు వెలిగొండ ప్రాజెక్టు దగ్గరికి వస్తాడు. ఆ ప్రాజెక్టు పూర్తయితే కష్టాలు తీరతాయని ఇక్కడ ఎవరైనా రాస్తారు. దానికి శంకుస్థాపన జరిగింది 1996లో; అప్పటికి ఈ విద్యార్థి పుట్టనే లేదు. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల్లో వచ్చే నీళ్లు తాను సర్వే చేసిన వీధి కుళాయిలో పడాలంటే మధ్యలో ఇంకా ఏమేం కావాలని అడగడం మొదలుపెడితే అతను రాయడం నేర్చినట్టే. ఇందులో సరస్వతీ కటాక్షం ఏమీ లేదు. అడిగేవాళ్లున్నారు, తిరగరాసే ఓపిక ఉంది, అంతే.

"మీడియం ఇంగ్లిషు కదా" అంటారు. నిజమే, 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లిషు మీడియంలోకి మారింది. కాపీ కొట్టడానికి అదీ ఒక కారణం. చూసింది ఒక భాషలో, రాయాల్సింది ఇంకో భాషలో అయ్యేసరికి పిల్లలు చూసినదాన్నే వదిలేస్తున్నారు. మొదటి రాత తెలుగులో రాయనివ్వండి, అదీ వాళ్లింటి తెలుగులో. "ట్యాంకరు పొద్దుగూకినాక వస్తాది" అని ఒక అవ్వ చెబితే "సాయంత్ర సమయమున నీటి సరఫరా జరుగుచున్నది" అని దిద్దకండి. ఇంగ్లిషు ఆ తర్వాత. ఈ పోట్లాట కొత్తది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపొజిషన్ ఉపసంఘం నివేదికను కాదంటూ గురజాడ 1914లో అసమ్మతి పత్రం ఇచ్చింది కాలేజీ పిల్లలు జీవద్భాషలో రాయాలనే. నూరేళ్లు దాటినా మనం ఎర్ర సిరాతో ఆ భాషనే కొట్టేస్తున్నాం.

"ఇంతమందివి దిద్దే తీరిక ఏదీ?" అన్నది న్యాయమైన మాట. ఖాళీ పోస్టులూ పెద్ద తరగతులూ కళ్లముందే ఉన్నాయి. అయితే నివేదికకు నలభై పేజీలు ఎందుకు అడుగుతున్నారు? ఒక్క పేజీ అడిగి మూడుసార్లు రాయించండి. మొదటి దిద్దుబాటు పక్క బెంచీవాడు చేస్తాడు. ఇప్పుడు నలభై పేజీలూ ఫోను నిమిషంలో రాసిపెడుతుంది. దానికి తెలియనిది ఆ వీధీ, ఆ అవ్వ మాటా. మార్కులు వాటికే వేయండి.

దేశానికి పలకలిచ్చిన ఊరని మార్కాపురాన్ని సభల్లో పొగుడుకుంటాం. ఆ పలకల పరిశ్రమలో పిల్లలు పనిచేశారు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం కింద మొదట చేపట్టిన ప్రత్యేక ప్రాజెక్టుల్లో మార్కాపురానిదీ ఒకటి. పేదపిల్లలకు చదువెందుకు, చేతిలో పని ఉంటే చాలని అప్పట్లో అనుకున్నారు. ఇప్పుడు రాతెందుకు, చేతిలో పట్టా ఉంటే చాలని అనుకుంటున్నాం. ఆ పిల్లల శక్తికి పెద్దవాళ్లే హద్దు గీయడం రెండుచోట్లా ఒకటే.

అందుకే నివేదికల్లోంచి ఆ చివరి పేజీ చించేయండి. దాని బదులు విద్యార్థి మొదట రాసిన పేజీ, ఆఖరున రాసిన పేజీ రెండూ జతచేయమనండి. ఏ వాక్యం ఎందుకు మార్చాడో, ఎవరి ప్రశ్న వల్ల మార్చాడో కింద పది వరుసల్లో చెప్పమనండి. వైవాలో దాని మీదే అడగండి. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక కూడా మా పిల్లలకు రాయడం రాదంటారా, అప్పుడు వింటాం.