ఫైలు లేని సర్కారు

సొంత రాష్ట్రం కాని చోట తరతరాలుగా ఉంటున్నవాళ్లకు కాగితాల విలువ వేరే చెప్పనక్కరలేదు. తాతగారు ఎప్పుడు వచ్చారు, ఏ వీధిలో ఉన్నారు, మాతృభాష ఏమిటి, ప్రతిదానికీ ఒక సర్టిఫికెట్టు. దానికి జెరాక్సు. జెరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం. ఈసారి మనం పరిచయం చేసుకోబోయే దేశంలో ఆ జెరాక్సు యంత్రానికి పెద్దగా పని లేదు. తన దగ్గర ఒకసారి చేరిన వివరాన్ని ప్రభుత్వం పౌరుణ్ణి రెండోసారి అడగకూడదన్నది అక్కడి నియమం. ఆ దేశం పేరు ఎస్టోనియా.

బాల్టిక్ సముద్రపు ఒడ్డున, ఫిన్లాండుకు దక్షిణంగా, రష్యాకు పడమటగా ఉంటుందీ దేశం. విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్లు. పాత అనంతపురం జిల్లాలాంటివి రెండు పక్కపక్కన పెట్టి ఇంకాస్త కలిపితే సరిపోతుంది. అందులో సగం అడవే. జనాభా సుమారు 13.7 లక్షలు, అంటే ఒడిశాలోని గంజాం జిల్లా జనాభాలో సగం కూడా కాదు. రాజధాని టాలిన్‌లో ఓడ ఎక్కితే రెండు గంటల్లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో దిగవచ్చు. వీరి భాష ఫిన్నిష్‌కు చెల్లెలి వరుస. రష్యన్‌తోగాని జర్మన్‌తోగాని చుట్టరికం లేదు. మన వ్యాకరణంలో విభక్తులు ఏడైతే వారికి పద్నాలుగు! ఆ భాష మాట్లాడేవారు ప్రపంచం మొత్తం మీద పదకొండు లక్షల చిల్లర. ఈ అంకెను కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు చెప్పబోయే చాలా సంగతులకు మూలం ఇదే.

1918లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఈ దేశాన్ని 1940లో సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. మధ్యలో మూడేళ్లు హిట్లర్ సైన్యాల ఏలుబడి, 1944లో మళ్లీ సోవియట్ పాలన. 1949 మార్చిలో నాలుగు రోజుల్లోనే ఇరవై వేల మందికి పైగా జనాన్ని, ఎక్కువగా ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను రైళ్లలో ఎక్కించి సైబీరియా వైపు తరలించారు. తర్వాతి కాలంలో అధ్యక్షుడైన లెన్నార్ట్ మెరి 1941లో పన్నెండేళ్ల వయసులోనే కుటుంబంతో సహా అలా వెళ్లి తిరిగి వచ్చినవాడు. 1980ల చివర్లో జనం వేలుగా, లక్షలుగా మైదానాల్లో చేరి నిషేధించిన పాటలు పాడుతూ తిరగబడ్డారు. తుపాకీ పేల్చకుండా 1991 ఆగస్టు 20న స్వాతంత్ర్యం తిరిగి తెచ్చుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చింది గాని ఖజానాలో ఏముంది? 1992లో ఒక్క ఏడాదిలో ధరలు పది రెట్లకు పైగా పెరిగాయి. ఆ జూన్‌లో రూబుల్‌ను వదిలి క్రోన్ అనే సొంత నాణెం తెచ్చారు. మనిషికి 1500 రూబుళ్లు ఇస్తే 150 క్రోన్లు, అంతే. పేదా గొప్పా అందరూ అదే వరుసలో నిలబడ్డారు. 1940కి ముందు పశ్చిమ దేశాల బ్యాంకుల్లో దాచిన బంగారం తిరిగి చేతికి రావడం ఆ నాణేనికి దన్ను అయింది. ఆ ఏడాది చివర్లో ప్రధాని అయిన మార్ట్ లార్ వయసు 32 ఏళ్లు. వృత్తిరీత్యా చరిత్రకారుడు. 1994లో అందరికీ ఒకే శాతం, అప్పట్లో 26, ఆదాయపు పన్ను పెట్టారు. 2025 నుంచి అది 22 శాతం. కంపెనీ లాభాన్ని వాటాదారులకు పంచినప్పుడే పన్ను, వ్యాపారంలోనే తిప్పుకుంటే లేదు. ఇలాంటి సులువైన పన్ను లెక్క ఉండబట్టే తర్వాత దాన్ని కంప్యూటర్‌కు అప్పగించడం తేలికైంది. ఈ సంగతి చాలామంది గమనించరు. చిక్కుముడి లాంటి చట్టాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే కంప్యూటర్‌లో కూడా చిక్కుముడే ఉంటుంది.

అక్కడివాళ్లు తరచూ చెప్పుకునే ఒక కథ ఉంది. కొత్తల్లో ఫిన్లాండు తన పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీని ఉచితంగా ఇస్తామందట. ఎస్టోనియా దండం పెట్టి వద్దంది. ఎవరో వాడి వదిలేసినది తెచ్చుకుంటే ఎప్పటికీ వారి వెనకే ఉంటామని. 1996లో ‘పులి గెంతు’ అనే పథకం మొదలుపెట్టారు. ప్రతి బడికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్. ఈ ఆలోచన వెనక ముఖ్యుడు అప్పుడు అమెరికాలో రాయబారిగా ఉన్న టోమాస్ హెన్‌డ్రిక్ ఇల్వెస్, ఆయన కూడా తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. నాలుగైదేళ్లలో పల్లెటూరి బడులకు సైతం ఇంటర్నెట్ చేరింది. మరి పెద్దవాళ్ల మాటేమిటి? బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీలు కలిసి లక్ష మంది పెద్దలకు కంప్యూటర్ నేర్పించాయి. పదమూడు, పద్నాలుగు లక్షల దేశంలో లక్ష మందికి! ఊరికే ఉపకారం కాదు లెండి. జనం ఇంట్లో కూర్చుని లావాదేవీలు చేసుకుంటే పల్లెల్లో బ్యాంకు శాఖ పెట్టే ఖర్చు మిగులుతుంది.

ఇక అసలు యంత్రాంగం. ప్రతి మనిషికీ పదకొండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది. 2002 నుంచి చిప్ ఉన్న గుర్తింపు కార్డు ఇస్తున్నారు. దానికి రెండు రహస్య సంఖ్యలు. నాలుగు అంకెలది ‘నేను ఫలానా’ అని చెప్పుకోవడానికి, అయిదు అంకెలది సంతకం చేయడానికి. ఆ సంతకానికి చేవ్రాతతో సమానమైన చట్టబద్ధత ఉంది. వివరాలన్నీ ఒకే పెద్ద గిడ్డంగిలో పోగుపెట్టలేదు. ఆసుపత్రి లెక్క ఆసుపత్రి దగ్గర, భూముల లెక్క భూముల శాఖ దగ్గర, వాహనాల లెక్క వాహనాల శాఖ దగ్గరే ఉంటాయి. ఒక శాఖకు మరో శాఖ దగ్గరున్న వివరం కావాలంటే 2001లో వేసిన ‘ఎక్స్-రోడ్’ అనే దారిలో తాళం వేసిన ఉత్తరంలా ప్రశ్న వెళ్తుంది, జవాబు వస్తుంది. బిడ్డ పుట్టగానే ఆసుపత్రి నుంచే నమోదు జరిగి నంబరు వచ్చేస్తుంది. పేరు పెట్టి ఆ వివరం నింపితే చాలు, రావలసిన భత్యం సంగతి ప్రభుత్వమే అడుగుతుంది. ఆదాయపు పన్ను ఫారం ముందే నిండి ఉంటుంది, చూసుకుని సరేననడమే. డాక్టరు రాసిన మందుల చీటీ 2010 నుంచి కాగితం మీద లేదు, ఏ మందుల షాపులో కార్డు చూపినా ఇస్తారు. పెళ్లికి మాత్రం స్వయంగా వెళ్లి నిలబడాల్సిందే. విడాకుల దరఖాస్తు 2024 డిసెంబరు నుంచి ఇంట్లోంచే పెట్టుకోవచ్చట! ఏది ముందు సులభం చేయాలో వారికే తెలియాలి.

ఇంచుమించు అదే కాలంలో, 1999 చివర్లో హైదరాబాదులో ‘ట్విన్స్’ పేరుతో మొదలై 2001లో ‘ఈ-సేవ’గా విస్తరించిన కేంద్రాలు పాఠకుల్లో కొందరికి గుర్తుండే ఉంటాయి. కరెంటు బిల్లు, నీటి బిల్లు ఒకే కిటికీ దగ్గర కట్టడం అప్పట్లో పెద్ద వింత. అక్కడ కిటికీలు కలిశాయి. ఎస్టోనియాలో కిటికీ వెనక ఉన్న ఆఫీసులు కలిశాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది వేరొకటి. నా వివరాలను ఏ ఆఫీసువారు ఎప్పుడు తెరిచి చూశారో నేను చూడవచ్చు. పోలీసు చూసినా, డాక్టరు చూసినా ఆనవాలు ఉండిపోతుంది. ‘ఎందుకు చూశారు?’ అని అడిగే హక్కు నాకుంది. పనిలేకుండా తొంగి చూసినవారికి శిక్షలు పడ్డ సందర్భాలూ ఉన్నాయి. సర్కారు మనల్ని చూడటం ఏ దేశంలోనైనా ఉన్నదే. సర్కారు చూస్తుండగా మనం దాన్ని చూడగలగడం అరుదు. సైబీరియా రైళ్ల జాబితాలు తయారైంది ప్రభుత్వ దస్త్రాల నుంచే కదా. ఆ జ్ఞాపకం ఉన్న జనం నమ్మి వివరాలు ఇవ్వాలంటే ఈ హామీ లేకుండా కుదరదు.

ప్రభుత్వ స్వరూపం గురించి రెండు ముక్కలు. పార్లమెంటు పేరు రీగికోగు, సభ్యులు 101 మంది, నాలుగేళ్లకోసారి ఎన్నిక. అధికారం ప్రధానిది. అధ్యక్షుణ్ణి పార్లమెంటు ఎన్నుకుంటుంది. ఒకే పార్టీకి మెజారిటీ రావడం లేదు గనుక ఎప్పుడూ కూటములే. ఇంటర్నెట్ ద్వారా ఓటు 2005 స్థానిక ఎన్నికల్లో మొదలైంది. అప్పుడు అలా ఓటేసినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. మరి పక్కన నిలబడి వేయించే మనిషి సంగతి? గడువులోగా ఎన్నిసార్లైనా ఓటు మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. పోలింగు కేంద్రానికి వెళ్లి కాగితం మీద వేస్తే ఇంటర్నెట్ ఓటు చెల్లదు. అయినా దీన్ని నమ్మని పార్టీ ఒకటి అక్కడ గట్టిగానే వాదిస్తోంది.

ఆర్థికంగా ఎత్తుపల్లాలు చూసిన దేశం. 2004లో యూరోపియన్ యూనియన్‌లోనూ నాటోలోనూ చేరింది. 2009 మాంద్యంలో జాతీయోత్పత్తి ఏడో వంతు పడిపోయింది. జీతాలు కోసుకుని, పెద్దగా అప్పు చేయకుండా తట్టుకుని, 2011లో యూరోకు మారింది. దూరదేశాల్లో ఉన్న పిల్లలతో మన ఇళ్లలో ముఖాలు చూసుకుంటూ మాట్లాడిన స్కైప్ గుర్తుందా? దాని పనితనం ముగ్గురు ఎస్టోనియా కుర్రాళ్లది. 2003లో పుట్టి, 2025 మేలో మూతపడింది. అందులో సంపాదించినవారి డబ్బు, అనుభవం మరెన్నో కంపెనీలకు పెట్టుబడి అయ్యాయి. అలాగని స్వర్గమేమీ కాదు. 2022లో ధరలు దాదాపు 19 శాతం పెరిగాయి. యుక్రెయిన్ మీద రష్యా దాడి తర్వాత రక్షణ ఖర్చు ఏటేటా పెరుగుతోంది.

రష్యా మాట వచ్చింది గనుక 2007 సంగతి చెప్పాలి. టాలిన్ నడిబొడ్డున ఉన్న సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని ఆ ఏప్రిల్‌లో సైనిక శ్మశానానికి తరలించారు. ఎస్టోనియన్లకు అది ఆక్రమణకు గుర్తు. అక్కడి రష్యన్లకు హిట్లర్‌ను ఓడించిన తాతల గుర్తు. రెండు రాత్రులు అల్లర్లు జరిగాయి, ఒకరు చనిపోయారు. వెంటనే బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ కంప్యూటర్ల మీద బయటి నుంచి వారాల తరబడి దాడి సాగింది. 2017లో మరో చిక్కు: ఏడున్నర లక్షల కార్డుల చిప్‌లలో లోపం ఉందని పరిశోధకులు చెప్పారు. ప్రభుత్వం ఆ సంగతి దాచకుండా ప్రకటించి, కార్డుల సర్టిఫికెట్లను నిలిపి కొత్తవి ఇచ్చింది. దేశం నేల పోయినా దస్త్రాలు పోకూడదని అదే ఏడాది లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని ముఖ్యమైన వివరాల ప్రతులను అక్కడ దాచింది. ఆ చోటుకు రాయబార కార్యాలయానికి ఉన్నంత రక్షణ ఉంది. పదకొండు లక్షల మంది భాషకు ఉండే భయం ఎలాంటిదో ఇక్కడ అర్థమవుతుంది.

కాని ఆ భయానికి రెండో వైపు ఉన్నవారి మాట కూడా వినాలి. 1934లో జనాభాలో ఎస్టోనియన్లు నూటికి 88 మంది. 1989 నాటికి 61 మందికి తగ్గారు. ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనికి సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడ్డ రష్యన్ భాషీయులే మిగతావారిలో ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక 1940కి ముందున్న పౌరులకు, వారి సంతానానికి పౌరసత్వం నేరుగా వచ్చింది. మిగిలినవారు ఎస్టోనియన్ భాషలో పరీక్ష పాసవాలన్నారు. జనాభాలో మూడో వంతు మంది ఒక్కసారిగా ఏ దేశానికీ చెందనివారయ్యారు. వారికిచ్చిన పాస్‌పోర్టు రంగు బూడిద. నార్వా పట్నంలో తెల్లవార్లూ వినిపించేది రష్యనే, నదికి అవతల ఒడ్డు రష్యా. యాభై ఏళ్లు దాటిన ఫ్యాక్టరీ కార్మికుడు పద్నాలుగు విభక్తులు నేర్చుకోవడం మాటలు కాదు. ఇప్పుడు ఆ బూడిద పాస్‌పోర్టుల వారు నూటికి అయిదుగురి దాకా ఉన్నారు.

తమిళనాడులో 2006 చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసినప్పుడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు తల్లిదండ్రులు పడ్డ ఆందోళన మనకు తెలుసు. అయితే మన వారి పౌరసత్వాన్ని, ఓటును ఎవరూ ప్రశ్నించలేదు. మనం ఎవరి సైన్యం వెంటా రాలేదు కూడా. కాబట్టి రెండిటినీ ఒకే గాటన కట్టలేం. ఎస్టోనియన్ల భయం నిజమైనదే. ఆ ముసలి కార్మికుడు అక్కడే అరవై ఏళ్లు బతికాడన్నదీ నిజమే.

రష్యన్ బడులు 2024 సెప్టెంబరు నుంచి ఎస్టోనియన్ బోధనకు మారుతున్నాయి. శిశు తరగతులు, ఒకటి, నాలుగు తరగతులతో మొదలుపెట్టి 2030 నాటికి పూర్తి చేయాలని నిర్ణయం. 2025 మార్చిలో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి స్థానిక ఎన్నికల్లో రష్యా, బెలారుస్ పౌరుల ఓటు తీసేసింది. బూడిద పాస్‌పోర్టు వారికి 2025 అక్టోబరు ఎన్నికలే చివరివి. ఆ నెలలో వారు తమ నగర సభ్యులకు ఓటేశారు. వారి దగ్గర పన్ను ఫారం, మందుల చీటీ, పిల్లల మార్కులు అన్నీ తెరిచే ఆ చిప్ కార్డు మాత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది.